రాత్రి పాట, పొద్దుటి తలనొప్పి

చికాగో శివార్లలో ఇప్పుడున్న ఇల్లు కొనుక్కుని మేం వచ్చిన మొదటి జూన్ నెల అది. ఒక సాయంత్రం పక్కింటి పెద్దాయన తలుపు తట్టారు. నెత్తిన ఓక్ ఆకులతో అల్లిన దండ. ఒక చేతిలో నురగలు కక్కుతున్న బీరు జగ్గు, ఇంకో చేతిలో పళ్ళెం నిండా గుండ్రంగా కోసిన పచ్చటి చీజ్ ముక్కలు. మా ఆవిడ కిటికీలోంచి చూసి, “ఎవరండీ అది, నాటకంలోంచి వేషం తీయకుండా వచ్చేశారు?” అంది.

“ఇవాళ మా పండగ. ఈ రాత్రి బీరు తాగి పాడకపోతే పొలంలో బార్లీ ఎదగదు” అన్నారాయన. మాకున్నది పావు ఎకరం గడ్డి, అది పెరిగితే కోసేది నేనే, కనక ఎదగకపోయినా నాకు చింత లేదు. అయినా పండగనాడు ఇంటికొచ్చిన మనిషిని కాదనలేక జగ్గు అందుకున్నాను. చీజ్‌లో మన షాజీరా లాంటి గింజలున్నాయి. మా ఆవిడకి అది తెగ నచ్చేసింది.

ఆ రాత్రి వాళ్ళ పెరట్లో నెగడు చుట్టూ ఓ ఇరవై మంది కూచున్నారు. టేప్ రికార్డర్‌లో ఏదో పాట వచ్చింది. ముసలీ ముతకా అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అర్థం ఏమిటని అడిగాను. “రాత్రి తాగి పొద్దున్నే లేచినవాడి బాధ” అన్నారు పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ. “ఆ బాధకి మా భాషలో పగ్యిరస్ అని పేరు. ఆ మాటకి ఏకవచనం లేదు. ఎప్పుడూ బహువచనమే. ఒక్కటిగా ఎప్పుడన్నా వస్తుందా అది? మీ భాషలో ఏమంటారు?”

నేను చాలాసేపు ఆలోచించాను. ఎక్కడానికి మనకి మాటలున్నాయి: మత్తు, కైపు, నిషా. దిగడానికీ ఉంది. కానీ దిగాక మర్నాడు పొద్దున్న తలలో దంచే రోకలికి ఒక్క మాట దొరకలేదు. “హ్యాంగోవర్ అనే అంటాం” అన్నాను. “అయ్యో, పేరు లేని జబ్బు ఎలా నయమవుతుంది?” అన్నారాయన.

ఈ వ్యాసానికి విత్తనం ఆ మాట. తర్వాత పదిహేనేళ్ళపాటు ఆయన చెప్పినవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను. లాట్వియా అనే చిన్న దేశం వారు తాగుడు మీద ఎందుకిన్ని నవ్వు పాటలు కట్టుకున్నారు, ఆ నవ్వు వెనక ఏముంది అన్నది ఇందులో సంగతి.

ముందు ఊరూ పేరూ చెప్పాలి. లాట్వియా బాల్టిక్ సముద్రపు ఒడ్డున, ఎస్టోనియాకీ లిథువేనియాకీ మధ్య ఉంది. వైశాల్యం మన పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు కూడా లేదు. జనాభా 19 లక్షల లోపు. రాజధాని రీగా, 1201లో జర్మన్లు కట్టిన పట్నం. లాట్వియన్ భాష మన భాషకి చుట్టం కాదు గానీ సంస్కృతానికి దూరపు దాయాది. వాళ్ళు తేనెని ‘మెదుస్’ అంటారు. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘మధువు’ అదే. తేనె ఒక అర్థం, మద్యం ఇంకో అర్థం అని మనకి తెలుసు. తాగడం అనే క్రియకి వాళ్ళు ‘జెర్ట్’ అంటారు. సంస్కృతంలో మింగడం అనే అర్థమున్న ‘గిరతి’ దీని అక్కచెల్లెలని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ఆ ధాతువు నుంచే ‘గర’ వచ్చింది. దానికి పానీయమనీ, విషమనీ రెండర్థాలు. శివుడి గొంతులో ఉన్న గరళం ఆ కుటుంబంలోదే. ఇది చెబితే పెద్దాయన గ్లాసు కిందపెట్టి, “మీవాళ్ళు ముందే కనిపెట్టారన్నమాట” అన్నారు.

నేను ఇంకోటి కూడా చెప్పాను. మావాళ్ళు సారాని ముద్దుగా ‘మందు’ అంటారు, జ్వరానికి వేసుకునేదీ అదే మాట అని. ఆయన నవ్వి లోపలికెళ్ళి నల్లటి మట్టి సీసా ఒకటి తెచ్చారు. రీగా బ్లాక్ బాల్సమ్. 1752లో అబ్రహాం కున్‌జె అనే మందుల వ్యాపారి చేసినదని చెప్పుకునే కషాయం. మూలికలతో కాస్తారు, ఆల్కహాలు 45 శాతం. మొదట అమ్మింది మందుగానే. మందుకీ మందుకీ తేడా తెలియకపోవడం మన ఒక్కరి సొత్తు కాదన్నమాట.

ఇక పాటల సంగతి. లాట్వియన్ల జానపదాన్ని ‘దైనా’లంటారు. ఎక్కువ భాగం నాలుగు పాదాల చిన్న చిన్న పాటలు. వీటిని పోగుచేసిన మహానుభావుడు క్రిష్యానిస్ బారొన్స్ (1835–1923). మాస్కోలో ఉంటూ, ఊరూరి నుంచి వచ్చే ఉత్తరాల్లోని పాటలని అరచేతిలో పట్టే చీటీల మీదకి ఎక్కించి, 1880లో ప్రత్యేకంగా చేయించిన ఒక చెక్క బీరువాలో 70 సొరుగుల్లో వర్గాలుగా అమర్చాడు. ఆ బీరువాలో 2,68,815 పాటలు చేరాయి. 1894 నుంచి 1915 దాకా ‘లాట్వియన్ దైనాలు’ అనే పేరుతో 2,17,996 పాటలు అచ్చయ్యాయి. 2001లో యునెస్కో ఆ బీరువాని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. ఇప్పుడది రీగాలోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. బారొన్స్ పాటలని మనిషి జీవితం వరసలో పేర్చాడు: పుట్టుక, పెంపకం, పెళ్ళి, పని, చావు. ఈ వరసలో ప్రతి మలుపులోనూ బీరు కనిపిస్తుంది.

బీరుని వాళ్ళు ‘అలుస్’ అంటారు. ఇంగ్లీషు ‘ఏల్’కి చుట్టం. దైనాల్లో మాత్రం ఆ మాట ఉన్నదున్నట్టు తక్కువ కనిపిస్తుంది. ‘అలుతిణ్ష్’ అంటారు. మనం బుజ్జి బీరు, చిట్టి బీరు అన్నట్టు. బార్లీని మొలకెత్తించి, హాప్స్ వేసి ఇంటి పెద్ద కాచేవాడు. జూన్ 23 రాత్రి వచ్చే యాని పండగకి ఆయనే బీరు చెయ్యాలి, ఆవిడ చీజ్ చెయ్యాలి. పొద్దు వాలి సుమారు ఆరు గంటల్లో మళ్ళీ పొద్దు పొడిచే ఆ పొట్టి రాత్రి ఎవరూ నిద్రపోకూడదు. ప్రతి పాదం చివరా ‘లీగో’ అనే పల్లవితో పాడుకుంటూ ఇంటింటికీ వెళ్ళాలి. బీరు సరిగ్గా పొయ్యని ఇంటి యజమానిని పాటలోనే ఉతికి ఆరేస్తారు.

ఈ ఉతకడానికి వాళ్ళలో ఒక పెద్ద సంప్రదాయమే ఉంది. పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ రెండు జట్లుగా నిలబడి ఒకరినొకరు పాటలతో దెప్పుకుంటారు. వీళ్ళు తిండిపోతులు, వాళ్ళు తాగుబోతులు, పెళ్ళికొడుకు బద్ధకస్తుడు, తోడొచ్చిన వాడు పీపా కింద దొర్లుతున్నాడు అంటూ. అప్పటికప్పుడు కట్టాలి, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. వియ్యపురాలి మీద పాటలు విన్న మనవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. లాట్వియా పడమటి కొసన సుయితి అనే చిన్న కాథలిక్ సమూహం ఉంది. అక్కడి ఆడవాళ్ళు ఈ దెప్పుపాటల్లో ఆరితేరినవాళ్ళు. 2009లో యునెస్కో వారి సంస్కృతిని అత్యవసరంగా కాపాడాల్సిన వాటి జాబితాలో పెట్టింది.

అయితే ఇంట్లో కాచిన బీరు వేరు, సారా కొట్టు వేరు. లాట్వియన్ రైతులు వందల ఏళ్ళు జర్మన్ జమీందార్ల కింద వెట్టి బతుకు బతికారు. కుర్లాండ్‌లో 1817లో, లివోనియాలో 1819లో వెట్టి రద్దయింది గానీ భూమి మాత్రం దొరలదే. తూర్పున లత్గలెలో 1861 దాకా ఆగాల్సి వచ్చింది. సారా కాచే హక్కు, రోడ్డు పక్కన ‘క్రోగ్స్’ అనే సత్రం లాంటి సారా కొట్టు పెట్టే హక్కు జమీందారుదే. రైతు పండించిన ధాన్యం దొర బట్టీలో సారా అవుతుంది. అది దొర కొట్టుకి వస్తుంది. రైతు చేతికొచ్చిన నాలుగు కాసులూ ఆ కొట్టులోంచి మళ్ళీ దొర పెట్టెకి చేరతాయి. తాగుబోతు మీద పాట కట్టి నవ్వుకున్నవాడికి ఈ లెక్క తెలియదనుకోకూడదు. దొర మీద పాట కడితే వీపు పగులుతుంది, తాగుబోతు మీద కడితే పగలదు.

ఈ తాగుడు మీద మొదటి దెబ్బ మతం వైపు నుంచి వచ్చింది. 1730ల చివర హెర్న్‌హుట్ సోదరులనే జర్మన్ ప్రొటెస్టెంట్ ఉద్యమం వల్మియెరా ప్రాంతంలో రైతుల్లోకి పాకింది. చదువు నేర్పారు, ప్రార్థనకి చేర్చారు, రైతు కూడా మనిషేనన్నారు. సారా కొట్లు వెలవెలబోయాయి. జమీందార్లకి కన్నెర్ర అయింది. 1743లో రష్యా మహారాణి ఎలిజబెత్ ఆ ఉద్యమాన్ని నిషేధించింది. కానీ ఆ సోదరులకి తాగుడు ఎంత పాపమో పాత పాటలూ అంతే పాపం. కొట్టుతో పాటు పాటని కూడా మూయించబోయారు.

తర్వాతి తరంలో గాట్‌హార్డ్ ఫ్రీడ్రిష్ స్టెండర్ (1714–1796) అనే పాస్టరు మరో దారి పట్టాడు. లాట్వియన్ భాషకి వ్యాకరణం, విజ్ఞాన గ్రంథం, బొమ్మల అక్షరమాల రాసిన పండితుడాయన. రైతుల పాటలు ఆయనకి మోటుగా అనిపించాయి. వాటి బదులు పాడుకోమని జర్మన్ పద్ధతిలో సరదా పాటలు రాసిపెట్టాడు. వీటికి ‘జింగ్యె’ అని పేరు. పాడటం అనే జర్మన్ మాట నుంచి వచ్చింది. రైతులు ఏం చేశారో తెలుసా? కొత్తవి నేర్చుకున్నారు, పాతవి వదల్లేదు. ఇవాళ బల్ల చుట్టూ కూచుని గ్లాసులు తాకిస్తూ పాడుకునే తేలికపాటి పాటలని లాట్వియన్లు ఇప్పటికీ జింగ్యె అనే అంటారు. పాస్టరుగారు మర్యాద నేర్పడానికి నాటిన మొక్క చివరికి బీరు బల్ల మీదే పూసింది.

పంతొమ్మిదో శతాబ్దంలో చదువుకున్న లాట్వియన్లు తలెత్తారు. అంతవరకు చదువుకున్నవాడు జర్మన్‌గా మారిపోవడం ఆనవాయితీ. క్రిష్యానిస్ వల్దెమార్స్ అనే విద్యార్థి డోర్పాట్ విశ్వవిద్యాలయంలో తన గది తలుపు మీద పేరు పక్కన ‘లాట్వియన్’ అని రాసి పెట్టుకోవడం ఆ రోజుల్లో పెద్ద సంచలనం. అక్కడే 1870లో ‘లెట్టోనియా’ అనే లాట్వియన్ విద్యార్థి సంఘం పుట్టింది. పద్ధతులన్నీ జర్మన్ సంఘాలవే: రంగు టోపీలు, బీరు జగ్గులు, నిలబడి పాడే పాటలు. జర్మన్‌గా మారనని పంతం పట్టినవాళ్ళు తాగే పాటలు మాత్రం జర్మన్ల నుంచే నేర్చుకున్నారు.

1873లో రీగాలో మొదటి పాటల పండగ జరిగింది. సుమారు వెయ్యి మంది ఒక్క గొంతుతో పాడారు. అప్పటి నుంచి సుమారు అయిదేళ్ళకోసారి, యుద్ధాలు అడ్డొచ్చినప్పుడు తప్ప, జరుగుతూనే ఉంది. 2023లో నూటయాభై ఏళ్ళ పండగకి సుమారు 40 వేల మంది పాడటానికీ ఆడటానికీ వచ్చారు. ఆ వేదిక మీద తప్పకుండా వినిపించే పాటల్లో ఒకటి ‘పూత్ వేయిణి’, అంటే ‘వీచవే గాలీ’. అనధికార జాతీయగీతమని దానికి పేరు. సోవియెట్ కాలంలో అసలు జాతీయగీతం నిషేధంలో ఉన్నప్పుడు ఈ పాట మొదలైతే జనం లేచి నిలబడేవారు.

నేను దాన్ని మొదటిసారి విన్నప్పుడు ఏదో భక్తిగీతమనుకున్నాను. అంత నెమ్మది, అంత బరువు. అర్థం తెలిశాక ఆశ్చర్యపోయాను. అది ఒక తాగుబోతు మొర. పడవలో కూచుని, నన్ను కుర్లాండ్‌కి చేర్చమని గాలిని బతిమాలుకుంటున్నాడు ఒక కుర్రాడు. అక్కడొక తల్లి కూతుర్నిస్తానని మాటిచ్చి తప్పింది. కారణం వీడు తాగుతాడని, గుర్రాలని పరుగెత్తించి చంపుతాడని. దానికి వాడి జవాబు మన ఊళ్ళో రచ్చబండ మీద విన్నట్టే ఉంటుంది: ఎవడి సొమ్ము తాగాను, ఎవడి గుర్రం ఎక్కాను, అంతా నాదేగా అని. ఒక జాతి యావత్తూ కళ్ళనీళ్ళతో పాడుకునే పాట పెళ్ళి తప్పిన తాగుబోతుది! నాకు నవ్వొచ్చింది. పెద్దాయనకి రాలేదు.

ఆ పాట మొదట లివ్ జాతి పెళ్ళిపాట అని చెబుతారు. లివ్‌లు సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకు బతికిన చిన్న జాతి. వాళ్ళ భాష లాట్వియన్‌కి చుట్టం కాదు, ఫిన్నిష్‌కి చుట్టం. ఆ భాషని తల్లి ఒడిలో నేర్చుకున్న ఆఖరి మనిషి గ్రిజెల్దా క్రిస్తిణ. 1944లో దేశం విడిచి వచ్చి, 2013లో నూటమూడేళ్ళ వయసులో కెనడాలో కన్నుమూసింది. అంటే ఆ భాషలో పుట్టి పెరిగిన ఆఖరి గొంతు ఆగింది మాలాంటి వలసవాళ్ళ మధ్యనే, పొరుగుదేశంలో.

తాగుడు వద్దన్నవాళ్ళు కూడా పాట వద్దనలేదు, కనీసం తర్వాతి రోజుల్లో. రీగా శివార్లలో రంపపు మిల్లు యజమాని అవుగుస్త్స్ దొంబ్రొవ్‌స్కిస్ 1904లో ‘జియెమెల్‌బ్లాజ్మ’ అనే మద్యవ్యతిరేక సంఘం పెట్టి, కార్మికుల కోసం పెద్ద భవనం కట్టించాడు. అందులో పాడటానికి గాయకబృందం, ఆడటానికి నాటక వేదిక. సారా కొట్టు ఇచ్చే సరదాకి బదులు సరదా ఇవ్వాలి గాని ఉపన్యాసం కాదని ఆయన గ్రహించాడు. 1905 విప్లవం తర్వాత 1906లో జారు సైన్యం ఆ భవనాన్ని తగలబెట్టింది. ఆయన 1913లో మళ్ళీ కట్టించాడు. అది ఇప్పటికీ ఉంది.

1918లో లాట్వియా స్వతంత్ర దేశమైంది. 1931లో హెల్మార్స్ రుద్జీతిస్ రీగాలో ‘బెల్లకార్డ్ ఎలెక్ట్రో’ అనే గ్రామఫోను రికార్డుల కంపెనీ పెట్టాడు. బల్ల చుట్టూ పాడుకున్న పాటలు, అకార్డియన్ వాయిద్యాలు రికార్డుల కెక్కి పల్లెలకి చేరాయి. అదే మనిషి యుద్ధం తర్వాత న్యూయార్క్ చేరి, 1949లో ‘లైక్స్’ అనే లాట్వియన్ పత్రికని స్థాపించాడు. మా పెద్దాయన ఇంటికి ఆ పత్రిక వచ్చేది.

ఎందుకు న్యూయార్క్ చేరాడంటే, అది పెద్ద కథ. 1940లో సోవియెట్ సైన్యం వచ్చింది. 1941 జూన్ 14న, ఒక్క రాత్రిలో, 15 వేల మందికి పైగా జనాన్ని రైళ్ళకెక్కించి దూరాలకి పంపేశారు. తర్వాత నాజీలొచ్చి యూదులని ఊచకోత కోశారు. 1944లో మళ్ళీ ఎర్రసైన్యం వస్తోందని తెలిసి లక్షమందికి పైగా పడమటికి పారిపోయారు. జర్మనీలో శరణార్థి శిబిరాల్లో అయిదారేళ్ళు గడిపారు. అమెరికా 1948లో శరణార్థుల చట్టం చేశాక సుమారు 40 వేల మంది ఇక్కడికొచ్చారు. మా పెద్దాయన అలా వచ్చిన పన్నెండేళ్ళ కుర్రవాడు. తండ్రి లాట్వియాలో బడిపంతులు. చికాగోలో రాత్రిపూట ఆఫీసు గదులు తుడిచే పని దొరికింది.

ఈ శరణార్థులు సామాన్లతో పాటు పాటలూ మోసుకొచ్చారు. 1953లోనే చికాగోలో పాటల పండగ చేసుకున్నారు. మిషిగన్‌లో గరెజెర్స్ అనే చోట 1965లో పిల్లలకి వేసవి శిబిరం పెట్టారు. 1961లో అల్బర్ట్స్ లెగ్జ్‌దిణ్ష్ అనే ఆయన చికాగోలో ఒక పాటల బృందం కట్టాడు. దాని పేరు ‘చికాగస్ పియెత్సీషి’, చికాగో అయిదుగురు అని. నెగడు దగ్గర ఆ రాత్రి నేను విన్నది వీళ్ళనే. వీళ్ళ ప్రత్యేకత ఏమిటంటే ఎవర్నో కాదు, తమవాళ్ళనే ఆటపట్టించారు. భాష మరచిపోతున్న పిల్లలు, సంఘాల్లో కుర్చీల కోసం కొట్లాటలు, ఇంగ్లీషు కలిసిన ఇంటిభాష, పార్టీల్లో పీపాలు, ఆదివారం ఉదయం చర్చిలో కునికిపాట్లు. ఈ జాబితా చదివి మన తెలుగు సంఘం ఏదైనా గుర్తొస్తే ఆ పాపం నాది కాదు.

ఇక అక్కడ, సొంత దేశంలో? 1959లో మాస్కో తన మాట వినని లాట్వియన్ కమ్యూనిస్టులని తీసేసి అర్వీద్స్ పెల్షెని కూచోబెట్టింది. ఆయన హయాంలో యాని పండగని కేలండరు నుంచి తీసేశారు. జాతీయవాదపు కంపు కొడుతోందట. జనం ఇళ్ళ వెనక నెగళ్ళు వేసుకుని బీరు కాచుకున్నారు. చికాగో అయిదుగురి పాటలు టేపుల మీద దొంగతనంగా చేతులు మారాయి. ఒకవైపు వోద్కా అమ్మకం మీద ఖజానా నింపుకుంటూనే, 1985లో గోర్బచేవ్ తాగుడు మీద యుద్ధం ప్రకటించాడు. కొట్లలో సీసాలు తగ్గి, ఇళ్ళల్లో బట్టీలు పెరిగాయి. దొర పోయి కమిషనరు వచ్చినా కొట్టు లెక్క మారలేదు.

1989లో చికాగో అయిదుగురు లాట్వియాకి వెళ్ళి పాడారు. వేలమంది వచ్చారు. చాటుగా టేపులో విన్న గొంతులు ఎదురుగా నిలబడి పాడుతుంటే జనం మాట మాటా కలిపి పాడారట. 1991 ఆగస్టులో దేశం మళ్ళీ స్వతంత్రమైంది. తర్వాత ‘లబ్‌వేలీగైస్ టిప్స్’, అంటే ‘మంచివాడు’ అనే లాంటి పేరు పెట్టుకున్న బృందం ఆ వేళాకోళాన్ని కొత్త తరానికి అందించింది. ఊళ్ళల్లో యాని రాత్రి స్పీకర్లలో ఇలాంటి పాటలు మోగుతూనే ఉంటాయి. మర్నాడు పొద్దున్న పుల్లటి కేబేజీ రసం, దోసకాయ ఊరగాయ నీళ్ళు, కెఫీర్ అనే మజ్జిగ లాంటిది. పగ్యిరస్‌కి మందులు ఇవీ. మజ్జిగ దగ్గరికొచ్చేసరికి మనమూ వాళ్ళూ ఒకటే.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇక నవ్వు రాని భాగం.

ఒక చలికాలం పెద్దాయన ఇంట్లో కూచుని ‘పూత్ వేయిణి’ గురించి మాట్లాడుతున్నాను. తాగుబోతు పాట జాతిగీతం కావడం ఎంత తమాషానో చెబుతున్నాను. ఆయన కాసేపు ఊరుకుని అన్నారు: “మా నాన్న శనివారం రాత్రి తాగి వచ్చి వంటింట్లో కూచుని ఆ పాటే పాడేవాడు. బడిపంతులుగా పిల్లలకి నేర్పిన పాట. ఆయనకి దేశం గుర్తొచ్చేది. మాకూ ఏడుపొచ్చేది. మా అమ్మ మాత్రం గిన్నెలు కడుగుతూ ఉండేది. ఒక్కసారి కూడా గొంతు కలపలేదు. సొంత డబ్బుతో తాగానని ఆ పడవవాడు అంటాడు చూశావా, మా ఇంట్లో ఆ డబ్బు మా అమ్మ నలుగురి ఇళ్ళు తుడిచి తెచ్చింది.”

ఆ తర్వాత నేను దైనాలని మళ్ళీ చదివాను, ఇంగ్లీషులో దొరికినంత వరకు. అప్పటిదాకా నాకు కనిపించనివి కనిపించాయి. దైనాల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళ నోట పుట్టినవని పండితులు చెబుతారు. పండగ పాటల పక్కనే ఇంకో రకం పాటలున్నాయి. తాగుబోతుకి ఇవ్వొద్దని తల్లిని బతిమాలే కూతురు. కొట్టు నుంచి మొగుడు వచ్చే చప్పుడుకి దీపం పక్కన మేలుకుని కూచున్న ఇల్లాలు. గుర్రం ఒక్కటీ ఇంటికి వస్తే ఏమయిందో అని వాకిట్లోకి పరుగెత్తే చెల్లెలు. పడవవాడి పాటలో మాట తప్పిన ఆ తల్లి ఎందుకు తప్పిందో ఈ పాటలు చదివితే తెలుస్తుంది. ఆవిడ వైపు నుంచి చూస్తే అది మాట తప్పడం కాదు, కూతుర్ని కాపాడుకోవడం.

తాగుడు లెక్కల్లో లాట్వియా ఇవాళ్టికీ ధనిక దేశాల జాబితాలో పై వరసలోనే ఉంది. పాటలు దానికి కారణమని నేను అనను. పాట తాగించదు. కానీ తాగినవాణ్ణి ముద్దుచేసే పాటలే వేదికల మీదకి ఎక్కుతాయి, గ్రామఫోను రికార్డులవుతాయి, టేపుల మీద సముద్రాలు దాటతాయి. గిన్నెలు కడిగినావిడ పాటని ఎవరూ టేపు చెయ్యలేదు. అదృష్టం కొద్దీ బారొన్స్ మాత్రం చీటీ మీద రాసుకున్నాడు. ఆయన బీరువాలో పీపా పొగిడే పాటా, పీపాని తిట్టే పాటా ఒకే కొలత చీటీల మీద ఉన్నాయి.

పెద్దాయన 2019లో పోయారు. ఆ ఏడు జూన్‌లో వాళ్ళ అబ్బాయి పండగ చేశాడు. చీజ్ మా ఆవిడే చేసి పట్టుకెళ్ళింది.

మా పెదనాన్న కృష్ణాజిల్లాలో మా ఊళ్ళో పేరుమోసిన తాగుబోతు. మంచి గాయకుడు కూడా. తాగితే ‘దేవదాసు’ పాటలు ఘంటసాలని మరిపించేలా పాడేవాడు. వీధి అరుగు మీద పాడుతుంటే మేం పిల్లలమంతా చుట్టూ చేరి నవ్వేవాళ్ళం, ఆయన పడిపోతే ఇంకా నవ్వేవాళ్ళం. నలభై ఏళ్ళ తర్వాత ఇక్కడ బేస్‌మెంట్లో గ్లాసులు పట్టుకుని ఆయన కథలు చెప్పి నేనే ఎంతోమందిని నవ్వించాను. పైన వంటింట్లో ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో ఎప్పుడూ వినలేదు.

పోయిన నెల పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి ఎనభై ఆరు. ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాను: “పెద్దమ్మా, పెదనాన్న పాడేవాడు కదా. ఆ రోజుల్లో నువ్వేమన్నా పాడుకునేదానివా?”

కాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

“పాడుకోకేం నాయనా” అంది. “తిరగలి దగ్గర పాడుకునేదాన్ని, మీ పెదనాన్నని తిట్టుకుంటూ. మా అత్తగారు నేర్పింది. ఆవిడ మొగుడూ అలాంటివాడేగా. ఇన్నేళ్ళూ ఎవరడిగారు?”

తర్వాత పాడింది. నాలుగంటే నాలుగు పాదాలు. గొంతు వణికింది గానీ ఒక్క మాట తప్పలేదు. నేను కాగితం మీద రాసుకున్నాను. ఇంకా ఉన్నాయంది. వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తానని చెప్పాను.